పలక మీద రాస్తున్న పిల్ల

జూన్ 4

అత్తయ్యా,

ఫోనులో నీకు సగం వినపడదనీ, మిగతా సగం నువ్వే ఊహించుకుంటావనీ పోయినసారి నువ్వే ఒప్పుకున్నావు. అందుకే కాగితం పట్టుకున్నాను. నిదానంగా చదువు. చదివాక కోపం వస్తే రానీ, జవాబు మాత్రం రాయి.

ముందు మంచి కబురు. ఇక్కడి గ్రంథాలయం పై అంతస్తులో పెద్ద గది నాన్న బొమ్మలకి ఇస్తున్నారు, శాశ్వతంగా. దానితో పాటు పెద్ద పుస్తకం కూడా వేస్తున్నారు. ముందుమాట నన్నే రాయమన్నారు. సెప్టెంబరు మొదటి వారంలో అచ్చు మొదలు కావాలి. నాన్న పోయి ఇరవై ఆరేళ్ళయింది. వారం వారం ఆయన బొమ్మ కోసం పత్రిక లాక్కుని చూసినవాళ్ళే ఇప్పుడు ఆయన పేరు చెప్తే "ఎవరూ?" అంటున్నారు. మొన్న ఒకాయన నన్నే ఎదురు ప్రశ్న వేశాడు, ఆయన పాటలు కూడా పాడేవాడా అని. ఈ పుస్తకం వచ్చి తీరాలి. పంతం పట్టి కూర్చున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. రెండు ట్రంకులూ విప్పి బొమ్మలన్నీ నేల మీద పరిచాను. నాలుగు వందల పన్నెండు. రెండు గదులూ నిండిపోయి, వంటింటి గుమ్మంలో కూర్చుని అన్నం తింటున్నాను. ఆఫీసులో రోజంతా ఇళ్ళ ప్లాన్లు సరిచూసే పని కదా నాది, గీత ఎటు వాలిందో కంటపడకుండా పోదు. నీడ కోసం వేసే సన్నగీతలు చూశాను. రెండు వందల నలభై తొమ్మిది బొమ్మల్లో ఆ గీతలు కింద ఎడమ నుంచి పైన కుడికి వాలాయి. మిగతా నూట అరవై మూడింట్లో అన్నీ అటుది ఇటు. రెండు రకాలూ కలిసిన బొమ్మ ఒక్కటీ లేదు. వెనక తేదీలు చూస్తే, నేను హాస్టలులో ఏడో తరగతి చదువుతున్న ఏడాది గీత తిరగబడింది.

నాన్న కుడిచెయ్యి పట్టు తప్పడం మొదలైంది కూడా ఆ ఏడాదే. అంటే ఎవరినో పెట్టుకుని గీయించాడు. ఆదివారం ఆదివారం వచ్చి గంటల తరబడి కదలకుండా కూర్చునే ప్రెస్సు ఆర్టిస్టు మీద నాకు అనుమానం. ఇంకొకరి పని కింద నాన్న సంతకం ఉంటే అది నాన్నకి గౌరవం కాదు. అందుకని ఆ నూట అరవై మూడూ తీసేద్దామనుకుంటున్నాను. ఒకటో వాచకంలోని పలక మీద రాస్తున్న పిల్లతో సహా. ఆ బొమ్మంటే నాకు ప్రాణం. అయినా సరే.

నీకు తెలియకుండా ఆ ఇంట్లో చీమ కూడా కదల్లేదు. అవి ఎవరు గీశారో చెప్పు.

నీ బుల్లి

జూన్ 11

బుల్లీ,

నీ ఉత్తరం వచ్చి రెండు రోజులు కింది బైండింగు షాపులో కాగితాల మధ్య పడి ఉంది. ఇంకో పూట ఆలస్యమైతే ఎవరిదో రిజిస్టరులో కలిపి కుట్టేసేవాళ్ళు. కుట్టేది నేనే అనుకో, అయినా కళ్ళజోడు లేకపోతే నాకు ఏ కాగితమైనా ఒకటే. ఈ వయసులో నీకు పనేమిటని మా కింది ఇంటావిడ రోజూ అడుగుతుంది. మానేస్తే వేళ్ళు ఊరుకోవని చెప్పాను.

ట్రంకులు గోడకి ఆనించకు, తేమ లాగుతుంది. బొమ్మకీ బొమ్మకీ మధ్య పల్చటి కాగితం వెయ్యి. పాత పేపర్లు వేస్తే అచ్చు మరకలు పడతాయి. నేల మీద పరిచావంటే గుండె ఆగినంత పనైంది. ఫ్యాను గానీ వేశావా ఏమిటి?

గీతలు లెక్కపెట్టావా? మీ నాన్న ఉంటే "బొమ్మ చూడవే అంటే గీతలు చూస్తావా" అని నెత్తిన మొట్టేవాడు. పాపం ఆ ప్రెస్సు ఆర్టిస్టుని ఆడిపోసుకోకు. ఆయన మన ఇంటికొచ్చింది టీ కోసమూ చదరంగం కోసమూ. ఆయన గీసిన గుర్రానికీ మేకకీ తేడా కొమ్ములే. అవి కూడా ఒక్కోసారి మర్చిపోయేవాడు.

ఒక్క మాట రాస్తున్నాను, దానితో సరిపెట్టుకో. ఆ బొమ్మలన్నీ మన ఇంట్లో, మీ నాన్న బల్ల మీద, మీ నాన్న బుర్రలోంచి వచ్చినవి. మన ఇంటి చెయ్యి తప్ప పరాయి చెయ్యి వాటి మీద పడలేదు. వాటిలో ఒక్కటి తీసేసినా నేను ఊరుకోను. పలక పిల్లని తీస్తే అసలే ఊరుకోను. ఇంతకు మించి అడగకు. మీ నాన్నకి మాటిచ్చాను.

అన్నం గుమ్మంలో కూర్చుని తినకు, బల్ల ఉంది కదా. బల్ల మీద కూడా పరిచావా?

మీ అత్త

జూన్ 20

అత్తయ్యా, అత్తయ్యా,

నేనెంత మొద్దునో! నువ్వు నోటికి తాళం వేసుకున్నా నాకు అర్థమైపోయింది. మన ఇంటి చెయ్యి!

నేను సెలవులకి వచ్చినప్పుడు నాన్న టీ కప్పు ఎడమచేత్తో పట్టుకునేవాడు. ఏమైంది నాన్నా అంటే "చలికి పట్టేసిందే" అనేవాడు. మండుటెండల్లో చలేమిటని అడగడానికి నాకు అప్పుడు బుద్ధి లేకపోయింది. అమ్మ పోయాక నన్ను హాస్టలులో వేశారని అలిగి, ఇంటికొచ్చినా మొహం మాడ్చుకుని తిరిగేదాన్ని. కళ్ళెదుట జరిగింది చూడలేదు. కుడిచెయ్యి పడిపోతే నాన్న ఎడమచెయ్యి నేర్చుకున్నాడు, గీత అటు తిరగబడింది అందుకే! ఎవరికీ తెలియకూడదని నీ దగ్గర మాట తీసుకున్నాడు. ఎడిటరు జాలిపడతాడనో, మానేయమంటాడనో భయపడి ఉంటాడు.

నేలమీద ఆ బొమ్మల మధ్య కూర్చుని బాగా ఏడ్చాను. తర్వాత లేచి ముందుమాట ఒక్క బిగిన రాసేశాను. గ్రంథాలయం కార్యదర్శి చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పేపరువాళ్ళకి ఇస్తానంటే సరేనన్నాను. పోయిన ఆదివారం వచ్చింది. కటింగు ఇందులో పెట్టాను. "కుడిచెయ్యి పడిపోతే ఎడమచేత్తో లోకాన్ని గీశాడు" అనే వాక్యం గది గోడ మీద పెద్ద అక్షరాలతో రాయిస్తారట.

నీ మాట నువ్వు తప్పలేదు. నేనే కనిపెట్టాను కాబట్టి నీకు ఏ దోషమూ లేదు. సంతోషమేనా?

నీ బుల్లి

జూన్ 27

బుల్లీ,

కటింగు అందింది. కింది ఇంటావిడ చదివి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను నవ్వాలో ఏడవాలో తెలియక సూది వేలికి గుచ్చుకున్నాను. ఆ ముందుమాట చించెయ్. గోడ మీద సున్నం తప్ప ఇంకేమీ పడనివ్వకు.

మీ నాన్న ఎడమచేత్తో చొక్కా బొత్తాం కూడా పెట్టుకోలేకపోయేవాడు. నువ్వు చూసిన ఆ టీ సగం ఒంటి మీదే పడేది. ఆ బొమ్మలు గీసింది నేను.

అయిపోయింది, చెప్పేశాను. మాటిచ్చాను కాబట్టి ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు. కానీ నా చెయ్యి తీసుకెళ్ళి మీ నాన్నకి అతికించి ఊరంతా ఊరేగిస్తుంటే చూస్తూ కూర్చోమని ఆయనా చెప్పి ఉండడు.

ఆ రోజు పత్రికవాళ్ళ మనిషి బొమ్మ కోసం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. సీరియల్‌కి వేయాల్సిన బొమ్మ. నేను ప్రెస్సులో అచ్చు కాగితాల ఫారాలు మడిచి అప్పుడే వచ్చాను, చేతులకి జిగురు కూడా వదల్లేదు. అన్నయ్య బల్ల ముందు కూర్చున్నాడు. పాళీ చేతిలోంచి జారిపడింది. తీసి ఇచ్చాను. మళ్ళీ పడింది. మూడోసారి నాకేసి తోసి "నువ్వు పట్టు" అన్నాడు. "నాకేం వచ్చు?" అన్నాను. "నాకొచ్చుగా. నువ్వు పట్టు" అన్నాడు.

పత్రిక మనిషిని సాయంత్రం రమ్మని పంపించాం. అన్నయ్య బల్ల పక్కన మంచం వేయించుకుని పడుకుని చెప్తుంటే నేను గీశాను. పదకొండు కాగితాలు పాడైతే పన్నెండోది పనికొచ్చింది. చిన్నప్పుడు బళ్ళో ఎడమచేత్తో రాస్తున్నానని వేళ్ళ కణుపుల మీద స్కేలుతో కొట్టి కొట్టి మాస్టారు అలిసిపోయాడే తప్ప ఆ చెయ్యి మారలేదు. అదే చెయ్యి ఆరేళ్ళు మీ నాన్న సంతకం కూడా పెట్టింది. నువ్వు సెలవులకి వస్తే సామాన్ల గదిలో తలుపేసుకుని గీసేదాన్ని. అత్తకి బైండింగు పనుందని నీకు చెప్పేవాళ్ళం.

నీ పేరు వేద్దామే అని ఒకసారి అన్నాడు. నా పేరు చూస్తే ఎడిటరు కవరు విప్పకుండానే తిప్పి పంపుతాడు, ఊరుకో అన్నాను. ఎవరికీ చెప్పనని ఒట్టు కూడా వేయించుకున్నాను, వేశాను. ఇద్దరం ఒకరికొకరం మాటిచ్చుకున్నాం. రెండోసారి అడుగుతాడేమోనని చాలా రోజులు చూశాను. అడగలేదు. అడిగితే ఒప్పుకునేదాన్నేమో.

ఇప్పుడు నువ్వు నా పేరు వేస్తానంటావు, నాకు తెలుసు. వద్దు. కారణం విను. చేతులు గీయడం కష్టం. ఏ పనికి నా చెయ్యి ఎలా పడుతుందో ముందు చేసి చూసుకుని, అలాగే గీసేదాన్ని. దాంతో నా బొమ్మల్లో ఎవరో ఒకరు ఎడమచేతివాటం అయిపోయేవాళ్ళు. సిరా ఆరాక చూసుకుని నాలుక్కరుచుకునేదాన్ని. "మారుస్తా అన్నయ్యా" అంటే "ఉండనీ" అనేవాడు. కుండ మూతి వంకరైందని ఏడుసార్లు గీయించిన మనిషి చేతి దగ్గరికొచ్చేసరికి ఉండనీ అనేవాడు. అలిసిపోయాడనుకునేదాన్ని.

వాచకాల పని కోసం మీ నాన్న పన్నెండేళ్ళు ఎదురుచూశాడు. పిల్లల పుస్తకాలంటే ఆయనకి పిచ్చి. నాలుగు వాచకాలూ ఆయనకే ఇచ్చారు. మొదటిది అచ్చయ్యాక కమిటీవాళ్ళు ఒంటికాలి మీద లేచారు. పలక పిల్ల ఎడమచేత్తో రాస్తోంది, పిల్లలకి తప్పు నేర్పుతారా, మార్చండి అని. గంటలో మార్చేస్తానని బతిమాలాను. "ఉండనీ" అన్నాడు. మిగతా మూడు వాచకాలూ ఇంకొకరికి పోయాయి. నా వంకర చెయ్యి వల్ల పోయాయి బుల్లీ. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. ముప్పై ఏళ్ళుగా ఆ బొమ్మ కనిపిస్తే మొహం తిప్పుకుంటాను.

అందుకని బొమ్మలన్నీ ఉండాలి, మీ నాన్న పేరుతోనే ఉండాలి. నా పేరు ఎక్కడా వద్దు. ఇదే ఆఖరి మాట.

మీ అత్త

జూలై 9

అత్తయ్యా,

నీకు రెండు అన్యాయాలు చేశాను. మొదట నీ బొమ్మల్ని దొంగ బొమ్మలన్నాను. తర్వాత నీ చెయ్యి ఇంకొకరికి ఇచ్చేశాను. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు. కాబట్టి చేసిన పనులు చెప్తాను.

ముందుమాట చించాను. గ్రంథాలయానికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. కార్యదర్శి ఈసారి లేచి నిలబడలేదు, నీరసంగా కూలబడ్డాడు. "పోనీ లేమ్మా, అంత మంచి కథ కుదిరింది, ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. ట్రంకులు రెండూ రిక్షాలో ఎక్కించుకుని ఇంటికి పోతానన్నాను. పేపరులో సవరణ వేయిస్తానని ఒప్పుకున్నాడు. పోయిన ఆదివారం వేశారు, అగ్గిపెట్టంత. పేరు వేయలేదు, "ఆయన చెల్లెలు" అని మాత్రం వేశారు.

ఇప్పుడు కాస్త కూర్చుని చదువు. రెండో ట్రంకు అడుగున "తిరిగొచ్చినవి" అని రాసిన ఫైలు ఒకటుంది. పుస్తకంలో అచ్చయిన బొమ్మలే వేస్తున్నాం కదా, తిరిగొచ్చినవి ఎందుకని నేను విప్పలేదు. నీ ఉత్తరం చదివాక విప్పాను. పలక పిల్ల గురించి కమిటీవాళ్ళు రాసిన కాగితం ఉంది. దాని వెనక నాన్న ఇచ్చిన జవాబు, టైపు చేయించిన కార్బను కాపీ ఉంది. నువ్వు ఆ ఫైలు తాకి ఉండవు. తాకి ఉంటే ముప్పై ఏళ్ళు ఇలా బాధపడేదానివి కాదు. అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

"అయ్యా, మూడో పేజీలో పిల్ల ఎడమచేత్తో రాయడం పొరపాటు కాదు. నేను కావాలని ఉంచినది. నా కుడిచెయ్యి పడిపోయి ఏడాదిన్నర అయింది. అప్పటినుంచి నా బొమ్మలన్నీ నా చెల్లెలు గీస్తున్నది. ఆమె తన పేరు వేయనివ్వదు. ఆమె చెయ్యి ఎడమచెయ్యి. అందువల్ల ప్రతి బొమ్మలోనూ ఆ చేతిని ఒకచోట ఉంచుతున్నాను. ఆమె సంతకం అదే అనుకోండి. దాన్ని మార్చి నా సంతకం ఒక్కటే మిగల్చడం నాకు చేతకాదు. తక్కిన వాచకాలు మీ ఇష్టం వచ్చినవారికి ఇచ్చుకోవచ్చు. ఈ సంగతి ఆమెకు తెలియనివ్వకండి. తెలిస్తే బొమ్మ మార్చేస్తుంది."

చదివాక ఆ నూట అరవై మూడూ మళ్ళీ పరిచాను. ఈసారి గీతలు చూడలేదు, చేతులు చూశాను. కుట్టుపనివాడి కత్తెర ఎడమచేతిలో ఉంది. డాక్టరు సూది ఎడమచేతిలో. గోడ దూకుతున్న దొంగ మూట ఎడమచేతిలో. జనం నిండిన రైలుపెట్టె బొమ్మలో అందరూ కుడిచేతివాళ్ళే, అమ్మయ్య ఒకటి దొరికింది అనుకున్నాను. మూలన టికెట్టు చూపిస్తున్న ముసలమ్మ ఎడమచెయ్యి చాపింది. మనుషులే లేని బొమ్మ ఒక్కటుంది, పిట్టగోడ మీద పిల్లి. అది ఎడమకాలు ఎత్తి మొహం తుడుచుకుంటోంది.

పొరపాటు ఒకసారి చేస్తారు, పదిసార్లు చేస్తారు. పిల్లి చేత కూడా చేయిస్తారా అత్తయ్యా? రెండోసారి అడగలేదని రాశావు. అడగలేదు నిజమే, నువ్వు కాదన్న పని వారం వారం చేసుకుంటూ పోయాడు.

పుస్తకం అట్ట మీద రెండు పేర్లు ఉంటాయి. నీ ఆఖరి మాట నీది, నా ఆఖరి మాట నాది. మన ఇంట్లో మొండితనం నీ ఒక్కదానికే రాలేదు.

నీ బుల్లి

జూలై 18

బుల్లీ,

మెట్ల మీద నిలబడి విప్పాను, అక్కడే కూర్చుండిపోయాను. షాపుకి వచ్చేవాళ్ళు నన్ను దాటుకుని వెళ్ళారు.

"ఆ ముసలమ్మని కాస్త ఇటు తిప్పవే" అనేవాడు. ఇటు తిప్పితే ఎడమచెయ్యే ముందుకొస్తుంది. ప్రతి బొమ్మకీ ఇటు తిప్పు, ఇటు తిప్పు. వెలుగు కోసం అనుకున్నాను. పిల్లి సంగతీ గుర్తుంది. "ఆ కాలు కాదు, ఈ కాలు" అని మంచం మీంచి అరిచాడు. పిల్లికి ఏ కాలైతే ఏమిటని విసుక్కున్నాను కూడా.

చాలా ఏడ్చాను. తర్వాత చాలా కోపం వచ్చింది. నోటితో ఒక్క ముక్క చెప్తే అరిగిపోయేవాడా? కమిటీకి చెప్పాడు, టైపు చేసినవాడికి చెప్పాడు, పిల్లికి కూడా చెప్పాడు, పక్కన కూర్చుని గీస్తున్న నాకు చెప్పలేదు. ఎదురుగా ఉంటే కడిగేసేదాన్ని. ఆ తర్వాత కాళ్ళ మీద పడేదాన్ని.

నా పేరు వెయ్యి. కింద ఎక్కడో చీమ తలకాయంత అక్షరాలతో అయితే వద్దు. ఆయన పేరు ఎంత ఉంటే నాదీ అంతే ఉండాలి.

అత్త

ఆగస్టు 25

అత్తయ్యా,

అట్ట నమూనా పంపుతున్నాను, జాగ్రత్తగా విప్పు. రెండు పేర్లూ ఒకే ఎత్తు. స్కేలు పెట్టి కొలిచాను, నువ్వూ కొలుస్తావని తెలుసు. ముఖచిత్రం పలక పిల్లే. ప్రెస్సులో అట్టలు వేసేవాడు చాలా నేర్పరి. పుస్తకం పేరు పక్కన బాగా అమరేలా కాస్త సర్దానన్నాడు. నిజంగానే అందంగా కుదిరింది. చూసి మురిసిపోయాను.

నాలుగో తేదీన అచ్చు మొదలు. మార్పులేమన్నా ఉంటే వెంటనే రాయి. నీ నుంచి కబురు లేకపోతే నచ్చినట్టే లెక్క. గది కూడా సిద్ధమవుతోంది. గోడకి సున్నం తప్ప ఇంకేమీ పడనివ్వలేదు, నువ్వన్నట్టే.

నీ బుల్లి

ఆగస్టు 29

బుల్లీ,

అచ్చు ఆపు. కింది షాపు ఫోనులోంచి మీ ఆఫీసుకి కూడా చెప్పించాను. అయినా కాగితం మీద ఉండాలని రాస్తున్నాను.

రెండు గదుల నిండా బొమ్మలు పరిచి గీత గీతా లెక్కపెట్టినదానివి, ఇది నీ కంటపడలేదా? పేర్లు కొలుస్తూ పిల్లని చూడలేదు నువ్వు. ఆ నేర్పరి పిల్లని అద్దంలో చూపినట్టు తిప్పేశాడు, మొహం పుస్తకం పేరు వైపు ఉండాలని. సంతకం చెరిపి మళ్ళీ సరిగ్గా అతికించాడు కూడా. ఇప్పుడు పిల్ల కుడిచేత్తో రాస్తోంది. నీడగీతలు మీ నాన్నవి వాలినట్టు వాలుతున్నాయి. కమిటీవాళ్ళు చూస్తే మెచ్చుకుని మిగతా మూడు వాచకాలూ ఇచ్చేస్తారు.

పేర్లు బాగున్నాయి. నాది కొంచెం పెద్దదైనట్టు కూడా అనిపించింది. కానీ ఆ బొమ్మ ఇలాగే వేస్తే నా పేరు తీసేయ్. వేస్తే ఉన్నదున్నట్టు వెయ్యి. పిల్ల మొహం పుస్తకం పేరుకి అటు తిరిగితే తిరగనీ. అంతగా కావాలంటే పేరు తీసుకెళ్ళి రెండో వైపు పెట్టుకోమను.

గురువారం పొద్దుటి బస్సుకి బయల్దేరుతున్నాను. తిన్నగా ప్రెస్సుకే వస్తాను. నేను వచ్చి నా కళ్ళతో చూసి సరే అనేదాకా మిషను కదలకూడదని చెప్పు. వినకపోతే ఆ ముసలిది ఇరవై రెండేళ్ళు ప్రెస్సులోనే పనిచేసిందని, మిషను ఎక్కడ ఆపాలో దానికి తెలుసునని చెప్పు.

మీ నాన్న "ఉండనీ" అన్న చెయ్యి అది. ఉండాల్సిందే.

అత్త